పెరుగుతుందని రాసిన బండి

బకెట్టు నిండి పొర్లి నీళ్ళు గడప దాటి నడవాలోకి వస్తున్నా, స్నానాలగదిలో ఉన్న మనిషి కుళాయి కట్టెయ్యడం లేదు. ఆయన స్నానం పొద్దున్నే అయిపోయింది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

ఇల్లాలు తలుపు మీద వేలి కణుపులతో మెల్లగా కొట్టింది. గట్టిగా కొడితే హాల్లో కూర్చున్న బ్రోకరుకి వినబడుతుంది. ఆ బ్రోకరు చెవిన పడ్డాక ఇంక వేరే దండోరా అక్కర్లేదు.

“ఏమండీ, మీ తమ్ముడు షెడ్డులో ఒక్కడే ఉన్నాడు. మీరిలా లోపల కూర్చుంటే ఏమనుకుంటాడు?”

నీళ్ళ చప్పుడు మాత్రం ఉంది.

ఆమెకి అంతుబట్టనిది ఒకటే. తన తల్లి కారు కొనే పార్టీ ఇవాళ వస్తాడని బ్రోకరు చెప్పాడు గానీ, ఎవరని అడిగితే మాత్రం ఆఖరుదాకా నవ్వి ఊరుకున్నాడు. తీరా గేటు తీస్తే బ్రోకరు వెనకాల ఈయన తమ్ముడే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అలాంటప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? ఎందుకురా ఈ దొంగాటలని నెత్తిన ఒక మొట్టికాయ వేసి లోపలికి లాక్కొస్తారు. ఈయన మాత్రం దెయ్యాన్ని చూసినట్టు చూసి, చెప్పులైనా విడవకుండా వచ్చి గడియ పెట్టుకున్నాడు.

వీధిలో ఆయన్ని రేట్లాయన అంటారు. పాత కార్లకి వెల కట్టడం ఆయన వృత్తి. ఇంజను మీది నంబరు కాగితాల్లో నంబరుతో కలిసిందా, రంగు కంపెనీలో వేసిందా తరవాత పూసిందా, తలుపుల కింది తుప్పుని లప్పం పెట్టి కప్పేశారా, ఇవన్నీ ఒక టార్చిలైటూ ఒక అయస్కాంతం ముక్కా పట్టుకుని తేల్చేస్తాడు. అది కాక ఒక వారపత్రికలో చివరినుంచి రెండో పేజీ ఆయనది. ఏ పాత బండి ధర ఎటు పోతుందో రాసి, పక్కన ఒక బాణం గుర్తు వేస్తాడు. పైకి ఉంటే కొనుక్కోమని, కిందికి ఉంటే వదిలించుకోమని. తను రాసింది చదివేవాళ్ళకంటే బాణం చూసి పేజీ తిప్పేసేవాళ్ళే ఎక్కువని ఆయనే చెప్పి నవ్వేవాడు. ఆ నవ్వు ఇవాళ ఎటు పోయిందో మరి.

షెడ్డులో ఉన్న బండి ఆయన అత్తగారిది. పళ్ళ డాక్టరుగా చేసి కాలం చేసిన మామగారు ముచ్చటపడి కొనుక్కున్నది. వంగపండు రంగు, రెండే సీట్లు, నేలకి జానెడెత్తున పరిగెత్తే ఒళ్ళు. మీట నొక్కితే ముందు దీపాలు రెప్పలు విప్పినట్టు పైకి లేస్తాయి. అందుకని పాత బండ్ల వ్యాపారంలో అందరూ ఆ మోడల్ని కప్ప అంటారు. బేరం కుదిరి అడ్వాన్సు కూడా ముట్టింది. మిగతా సొమ్ము చెల్లించి, సంతకాలు పెట్టి, తాళాలు చేతులు మారడమే తరువాయి.

కుళాయి ఆగింది. గడియ తీసిన చప్పుడయింది. రేట్లాయన మొహం కడుక్కున్నాడు గానీ తుడుచుకోలేదు.

ఒంట్లో బాగాలేదా అని అడిగింది ఇల్లాలు. బాగానే ఉందన్నాడు. అయితే ఏమొచ్చిందని అడిగింది. ఆయన ఆమెని చెయ్యి పట్టుకుని పడకగదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన పగటిపూట ఆ తలుపు వెయ్యడం ఆమె ఎరగదు.

“ఆ బండి ధర పెరగదు,” అన్నాడు.

“అదేంటి. పెరుగుతుందని మీరేగా రాశారు.”

“రాశాను.”

ఆమె ఇంకా ఏదో చెప్తాడని చూసింది. ఆయన గోడకేసి చూస్తూ, ఎవరికో పాఠం అప్పజెప్తున్నట్టు చెప్పాడు. కప్పని కొనేవాళ్ళెవరు? కుర్రతనంలో దాని బొమ్మ గోడకి అంటించుకుని, పెద్దయ్యాక కొనుక్కుంటానని కలలు కన్నవాళ్ళు. వాళ్ళిప్పుడు నిజంగానే పెద్దవాళ్ళయిపోయారు. ఆ బండి ఎక్కాలంటే దాదాపు నేలమీద చతికిలబడాలి, దిగాలంటే ఎవరో ఒకరు చెయ్యందించాలి. వాళ్ళ పిల్లలకి దాని మీద మోజు లేదు, వాళ్ళ కలల్లో తిరిగే బండ్లు వేరే. ఏడాదిగా తనని వెల కట్టమని పిలిచేదంతా తండ్రి పోయిన ఇళ్ళనుంచే. షెడ్డు ఖాళీ చేసుకోవాలండీ, ఎంతకైనా సరే తీసేయండి అంటారు. అమ్మేవాళ్ళు వరసకట్టారు, కొనేవాళ్ళు లేరు. సాయంత్రమయ్యాక సంతలో మిగిలిపోయిన ఆకుకూర లాంటిదది. ఇవాళున్న ధర వచ్చే ఏడాది ఉండదు, ఆపై ఏడాది అడిగేవాడే ఉండడు.

“ఇదంతా మీకు ముందే తెలుసా?”

“తెలుసు. బాణం కిందికే వేసి పంపుదామనుకున్నాను. మీ అమ్మగారి బండి ఎవరూ కన్నెత్తి చూడలేదు. అందుకని పైకి వేశాను. వారం వారం వేశాను.”

ఇల్లాలు మంచం మీద కూలబడింది. ఆఫీసులో పక్క సీటావిడకి ఆ పేజీ చూపించి, మా ఆయన కలానికి ఎంత బలమో చూశారా అని మురిసిపోయింది తనే. ఆ మాటలు గుర్తొచ్చి ఒళ్ళంతా చీమలు పాకినట్టయింది.

“మా అమ్మ పేరు చెప్పి ఇంత పని చేస్తారా?”

దానికి ఆయన దగ్గర జవాబు ఉంది కానీ చెప్పడానికి నోరు రాలేదు. ఇల్లాలికి తెలియని సంగతి ఇది, మనకి తెలిస్తే తప్పులేదు. చాలా నెలల కిందట ఎవరో మిత్రుడితో ఫోనులో మాట్లాడుతూ, మా అత్తగారు మాతోనే ఉంటున్నారండీ, ఏం చేస్తాం, తప్పదుగా అన్నాడాయన. అనేసి వెనక్కి తిరిగితే అత్తగారు మడతపెట్టిన బట్టలు పట్టుకుని గుమ్మంలో ఉన్నారు. ఆవిడ ఏమీ అనలేదు. బట్టలు బల్లమీద పెట్టి వెళ్ళిపోయారు. ఆ మర్నాటినుంచే బండి అమ్మేసి, తన స్నేహితురాలి ఇంటి పక్కన రెండు గదులు చూసుకుని విడిగా ఉంటానని పట్టుబట్టారు. అల్లుడికి ప్రాణం చివుక్కుమంది. క్షమించమని అడగడం చాతకాక, మంచి ధర వచ్చేట్టు చేసిపెడదామనుకున్నాడు. మనవాళ్ళలో ఇదొక రోగం. ఒక్క మాటతో పోయేదానికి వంద పనులు చేస్తారు గానీ, ఆ ఒక్క మాటా అనరు.

“పదండి, వెళ్ళి మీ తమ్ముడికి చెప్పండి,” అంది ఇల్లాలు లేచి. అంతలోనే ఆగిపోయింది. వెనకగదిలో తల్లి పెట్టెలు సర్ది ఉన్నాయి. ఆ రెండు గదులకి తల్లి మాటిచ్చేసింది, కిటికీలకి తెరలు కూడా కొలతలు తీసుకుని కుట్టించుకుంది. బండి అమ్ముడుపోకపోతే ఆ గదులు లేవు. చెప్తే తల్లి ఆశ పోతుంది, చెప్పకపోతే మరిది కొంప మునుగుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

“ఏం చెయ్యమంటావు?” అన్నాడాయన.

“నన్నడిగి రాశారా, నన్నడిగి చెప్పడానికి?” అని ఆమె తలుపు తీసి వెళ్ళి, నడవాలో నీళ్ళు తుడవడం మొదలుపెట్టింది. ఆ తుడవడంలో ఎంత కోపం ఉందో గుడ్డని పిండే తీరు చూస్తే తెలుస్తుంది.

హాల్లో అత్తగారు బ్రోకరుకి రెండో కాఫీ ఇస్తున్నారు. ఇస్త్రీ చేసిన బట్టలు కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, ఎక్కడికో ప్రయాణమయినట్టున్నారు. అల్లుణ్ణి చూడగానే ఆవిడ మొహం విప్పారింది. తమ్ముడుగారే కొంటున్నారని తెలిసి ప్రాణం లేచొచ్చిందనీ, పరాయివాళ్ళ చేతుల్లో పడకుండా మీ మామగారి బండి మన ఇంట్లోనే ఉంటుందనీ, ఇదంతా మీ చలవేననీ అన్నారు. ఆ ఫోను మాట తరవాత ఆవిడ అల్లుడితో అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం ఇదే. రేట్లాయనకి ఎక్కడ తల దాచుకోవాలో తెలియలేదు.

“సార్ బాణం వేస్తే కప్ప కూడా చెట్టెక్కుతుందండీ,” అన్నాడు బ్రోకరు.

అని ఆయన కళ్ళలోకి చూసి, కాఫీ గుటక వేశాడు. పాత బండ్ల మధ్యనే జుట్టు నెరిసిన మనిషి అతను. కప్పల సంగతి అతనికి తెలియకపోదు. తెలిసీ మాట్లాడనివాడి నవ్వు ఎలా ఉంటుందో రేట్లాయన అప్పుడే చూశాడు. తనకి ఆ నవ్వులో వాటా ఉందని తెలిసి చచ్చినంత పనైంది.

ఈ గుట్టంతా ఎందుకని అడిగితే బ్రోకరే చెప్పాడు. తమ్ముడు అతని దగ్గరికొచ్చి ముందు పెట్టిన షరతు తన పేరు చెప్పకూడదని. నేనని తెలిస్తే అన్నయ్య ధర తగ్గించమంటాడు, తగ్గిస్తే అత్తయ్యగారికి నష్టం, తగ్గించకపోతే అన్నయ్యకి మొహమాటం, ఎందుకొచ్చిన గొడవ అన్నాడట. పోనీ కొనేముందు మీ అన్నగారిని ఒక మాట అడగవయ్యా అంటే, అన్నయ్య లోకానికంతటికీ ఒకటి చెప్పి నాకొకటి చెప్తాడా అని నవ్వాడట.

రేట్లాయన అక్కడ ఇంక నిలబడలేకపోయాడు. పెరటి తలుపు తీసుకుని షెడ్డుకేసి నడిచాడు.

తమ్ముడు బండిలో కూర్చుని ఉన్నాడు. ఇంజను స్టార్టు చెయ్యలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ ఆనించి, అద్దంలోంచి ఎదురుగోడకేసి చూస్తున్నాడు. బూట్లు విప్పి బయట పెట్టి మరీ ఎక్కాడు.

రొట్టెలు వేసే వ్యాను తోలతాడతను. తెల్లవారకముందే రొట్టెల బట్టీ దగ్గర సరుకెక్కించుకుని, దుకాణం దుకాణానికీ వేసుకుంటూ పోవడం పని. వ్యాను సొంతం, ఆ దుకాణాలకి సరుకు వేసే దారీ సొంతం. సొంతం అనడం తప్పు, నిన్నటిదాకా సొంతం. వ్యానూ దారీ రెండూ కలిపి ఇంకొకతనికి అమ్మేశాననీ, నెలాఖరుదాకా కూలికి తనే తోలిపెడతాననీ, ఆ తరవాత సంగతి తరవాతనీ ఉత్సాహంగా చెప్పాడు. ఈ బండిని కొన్నేళ్ళు కళ్ళలో పెట్టుకు చూసుకుని, మంచి ధర వచ్చాక అమ్మి, పొయ్యితో సహా సొంతంగా రొట్టెల దుకాణం పెడతాడట. ఇంక ఎవరి సరుకో మొయ్యడు. భార్యకి ఇంకా బండి చూపించలేదు, సాయంత్రం తీసుకెళ్ళి వాకిట్లో ఆపి హారన్ కొడతాడట.

“నువ్వు రాశావు చూడన్నయ్యా, కప్ప ఇంకా దూకలేదు, దూకే ముందు ఒదిగి కూర్చుందీ అని. ఆ ముక్క కత్తిరించి వ్యానులో నా ఎదురుగా అంటించుకున్నాను. ప్రతి దుకాణం వాడికీ చూపించాను. మా అన్నయ్య రాశాడని.”

తన వాక్యం తమ్ముడి నోట వినేసరికి రేట్లాయనకి చెవులు వేడెక్కాయి. ఆ వాక్యం రాసిన రోజున ఎంత బాగా కుదిరిందోనని తనలో తనే మురిసిపోయాడు. బండి తలుపు మీద చెయ్యి వేసి వంగి నిలబడ్డాడు.

“ఈ బండి నీకొద్దురా.”

తమ్ముడు నవ్వాడు. మొదలెట్టావా, ఇందుకే బ్రోకరుచేత నడిపించాను, ధర తగ్గించమని నేనడిగానా అన్నాడు.

“ధర సంగతి కాదు. ఇది నీకు పనికిరాదు.”

“నాకా?”

తమ్ముడు అలా అడిగాక గానీ తనేమన్నాడో రేట్లాయనకి తెలియలేదు. తమ్ముడి చేతులు స్టీరింగు మీదనుంచి ఒళ్ళోకి వచ్చాయి.

“రొట్టెలవాడికి ఇలాంటి బండేమిటని కదా,” అన్నాడు తమ్ముడు మెల్లగా. “ఆమధ్య నీ మిత్రులు వచ్చినప్పుడు నేను రొట్టెలు తెచ్చి ఇచ్చాను. ఎవరీ అబ్బాయని అడిగితే, రొట్టెల వ్యాను అతను అన్నావు. తమ్ముడని అన్లేదు. నేనేం అనుకోలేదు. పనిబట్టలతో వచ్చాను, నాదే తప్పనుకున్నాను.”

రేట్లాయన ఆ సంగతి మరిచిపోయాడు. మరిచిపోయాడని మనం అనుకోవాలని ఆయన కోరిక, నిజానికి మరవలేదు. ఆ రోజు మిత్రులు వెళ్ళాక రొట్టెల పొట్లం విప్పకుండా పక్కింటివాళ్ళకి ఇచ్చేశాడు. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది ఆయనకి. కానీ ఇప్పుడు ఆ సిగ్గు పడుతూ కూర్చుంటే అసలు సంగతి మిగిలిపోతుంది.

అది కాదురా నేను చెప్పేది అని మొదలుపెట్టి, కప్పలకి ముందు ముందు గిరాకీ ఉండదేమోననీ, కొన్నాళ్ళు ఆగితే మంచిదేమోననీ, బజారు సంగతి ఎవరూ చెప్పలేరనీ నానా రకాలుగా నసిగాడు. ఏమో, బహుశా, అనిపిస్తోంది, ఇలాంటి మాటలన్నీ వాడాడు. మనిషి నిజం దగ్గరికి నడిచి వెళ్ళేటప్పుడు ఇన్ని వంకర దారులు ఎందుకు తొక్కుతాడో.

తమ్ముడు అంతా విని, ఇంకెవరైనా ఎక్కువిస్తామన్నారా అని అడిగాడు. అలాంటిది ఉంటే మొహమాటపడకుండా చెప్పమన్నాడు. తను కూడా ఇంకొంచెం సర్దగలనన్నాడు.

“ఎవరూ రాలేదురా. నా మాట నమ్ము.”

“ఏ మాట నమ్మమంటావు? రాసిందేమో నీ పేరు పెట్టుకుని లోకమంతా చూసేట్టు రాశావు. ఇదేమో షెడ్డులో గుసగుసగా చెప్తున్నావు. నువ్వు నాకు ఇంతవరకూ ఎప్పుడూ అబద్ధం చెప్పలేదన్నయ్యా. ఇవాళ చెప్తున్నావనిపిస్తోంది.”

ఇంక దాటవెయ్యడానికి దారి లేదు. రేట్లాయన నిటారుగా నిలబడ్డాడు. గొంతు ఆయనది కాదేమో అన్నట్టు గట్టిగా వచ్చింది.

“రాసిందే అబద్ధం. దీని ధర పడిపోతుందని తెలిసే పెరుగుతుందని రాశాను. అత్తగారి బండి అమ్ముడుపోవాలని రాశాను. నీకు ఇది అంటగడుతున్నది నేనే.”

షెడ్డు గుమ్మం దగ్గర అలికిడయింది. అత్తగారు నిలబడి ఉన్నారు. మామగారు బండి నడిపేటప్పుడు వేసుకునే తోలు చేతితొడుగులు ఆవిడ చేతిలో ఉన్నాయి. తమ్ముడికి ఇద్దామని తెచ్చినట్టున్నారు. ఆవిడ వెనక ఇల్లాలు, తడిగుడ్డ చేతిలోనే ఉంది.

తమ్ముడు బండి దిగాడు. నేలమీద కూర్చుని బూట్లు తొడుక్కుని, తాళ్ళు కట్టుకున్నాడు. కట్టినవి మళ్ళీ విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. తల ఎత్తాల్సి వస్తుందని అంతసేపు కట్టుకున్నాడని అందరికీ తెలుస్తూనే ఉంది.

“నా కోసమా బాబూ?” అన్నారు అత్తగారు.

రేట్లాయన అవునన్నట్టు తలూపాడు.

“నేనడగలేదే.”

ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. అల్లుడింట్లో తింటున్నందుకు ఇన్నాళ్ళూ తనకి సిగ్గుగా ఉండేదనీ, ఆ రెండు గదుల్లోకి పోతే ఆ సిగ్గు వదిలిపోతుందనుకున్నాననీ అన్నారావిడ. “ఇప్పుడా గదుల్లో కూర్చుని మీ తమ్ముడి కష్టం తినమన్నారా? ఇంతకంటే ఆ ఫోనులో అన్నదే నయం.”

ఏ ఫోనులో అని ఇల్లాలు మొగుడి మొహం చూసింది. ఆయన నోరెత్తలేదు. ఆమె తల్లి వైపు తిరిగింది. తల్లి కూడా చెప్పలేదు. ఆ చెప్పకపోవడం చూసి ఇల్లాలికి ఏదో అర్థమయింది, ఏమిటో పూర్తిగా తెలియకపోయినా మొహం మాడిపోయింది.

అత్తగారు హాల్లోకి వెళ్ళి బండి అమ్మడం లేదని బ్రోకరుతో చెప్పారు. అడ్వాన్సు ఇచ్చింది ఇచ్చినట్టు బీరువాలోనే ఉందనీ, ఇప్పుడే తెచ్చి ఇచ్చేస్తాననీ అన్నారు. బ్రోకరు కారణం అడగలేదు. సార్, ఏ వారమైనా బాణం మారేట్టుంటే ముందుగా నాకో మాట చెప్పండి, పాతవాణ్ణి కదా అని మాత్రం అనేసి చెప్పులేసుకున్నాడు. ఇల్లాలు వెనకగదిలోకి వెళ్ళి తల్లి పెట్టె మూత తెరిచింది. బట్టలు తీసి మళ్ళీ ఎక్కడివి అక్కడ సర్దబోతే తల్లి వచ్చి వద్దని చెయ్యి పట్టుకుంది. ఆ చేతిని ఈమె విడిపించుకోలేదు. ఇద్దరూ ఆ పెట్టె పక్కనే కూర్చుండిపోయారు.

షెడ్డులో అన్నదమ్ములిద్దరే మిగిలారు.

రేట్లాయనకి గుండెల మీద బరువు కొంత దిగింది. పరువు పోతే పోయింది, తమ్ముడి సొమ్ము నిలిచింది. వ్యాను కొన్నతను మంచివాడైతే తిరిగి ఇస్తాడు, లేకపోతే ఇంకో వ్యాను చూసుకోవచ్చు. నిజం చెప్పేసిన మనిషికి కాసేపు తన మీద తనకే గౌరవం పుట్టుకొస్తుంది. ఆ గౌరవంలోనే ఆయన తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి, ఈ వారం పేజీలో తప్పు ఒప్పుకుంటూ రాసేస్తానన్నాడు. కప్పని కొనొద్దని, ఇన్నాళ్ళూ తను రాసింది నమ్మొద్దని, దాపరికం లేకుండా రాస్తానన్నాడు. పేజీ తీసేస్తే తీసేయనీ అన్నాడు.

తమ్ముడి మొహంలో సంతోషం లేదు సరికదా, ఉన్న రక్తం కూడా దిగిపోయింది. పక్కనున్న పాత టైరు మీద కూర్చుండిపోయాడు.

“మా బావమరిది కూడా ఒకటి కొన్నాడు,” అన్నాడు.

“ఏమిటి కొన్నాడు?”

“కప్పని. పసుపు రంగుది. పోయిన వారమే. వాడి దగ్గరున్నదంతా అందులోనే పెట్టాడు.”

చెప్పుకుపోయాడు తమ్ముడు. బావమరిదికి వీధి చివర ఫొటోకాపీల దుకాణం. పాత బండ్లంటే ఏమిటో కూడా తెలియని మనిషి. భార్య పుట్టింటికి భోజనానికి వెళ్ళినప్పుడు తనే ఆ పేజీ తీసి అందరికీ చదివి వినిపించాడు. అత్తా మామా కూడా విన్నారు. నమ్మొచ్చా బావా అని వాడు రెండు మూడుసార్లు అడిగాడు. మా అన్నయ్య రాశాడంటే కళ్ళు మూసుకుని కొనుక్కో, ఏదైనా అయితే నన్నడుగు అన్నాడట తను. భార్య అప్పుడు ఎంత గర్వంగా తనకేసి చూసిందో చెప్పబోయి ఆపేశాడు.

“వాళ్ళింటికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళనన్నయ్యా? మా ఆవిడకి ఏం చెప్పను?”

నేను వస్తాను, నేను చెప్తాను అన్నాడు రేట్లాయన. నా తప్పే అని వాళ్ళ ముందు ఒప్పుకుంటానన్నాడు. పేజీలో ఎలాగూ రాస్తానుగా అన్నాడు.

“రాయకు.”

రేట్లాయన సరిగ్గా విన్నానా అన్నట్టు చూశాడు.

“నువ్వలా రాస్తే పత్రిక వచ్చిన రోజునుంచే వాడి బండి ముఖం చూసేవాడుండడు. కొన్ని వారాలు ఆగు. వాడిచేత ఏదో ఒకటి చెప్పి అమ్మించేస్తాను. అది అమ్ముడుపోయేదాకా, పెరుగుతుందనే రాస్తూ ఉండు.”

“ఎవరికి అమ్మిస్తావురా?”

తమ్ముడు లేచి నిలబడ్డాడు. నిన్నటి రొట్టెని ఇవాళ్టిదని చెప్పి ఎన్నడూ అమ్మి ఎరగడతను. మిగిలిన రొట్టెల్ని నిన్నటివని చెప్పి సగానికిచ్చేవాడు, తీసుకోకపోతే ఇంటికి తెచ్చి తినేవాడు. అతని మెడ మీదికి, చెవుల మీదికి ఎరుపెక్కింది.

“ఎవరికో ఒకరికి. మనకి తెలియనివాళ్ళకి,” అన్నాడు.

రేట్లాయనకి ఆ మాట కొత్త కాదు. బాణం పైకి వేసిన ప్రతి వారమూ తనకి తను చెప్పుకున్న మాట అదే. తమ్ముడి భుజం మీద ఉన్న చెయ్యి ఎప్పుడు తీసేశాడో ఆయనకే తెలియలేదు.

తమ్ముడు తల వంచుకుని, అన్నయ్య సరేనంటాడని అక్కడే నిలబడి ఉన్నాడు.